పాజ్ నొక్కినప్పటి చప్పుడు

కొత్త ఇల్లు, వంటగది బల్ల దగ్గర నుంచి

వదినకి,

ఇకమీదట ఫోన్లు వద్దు, తీరిగ్గా ఉత్తరాలే రాసుకుందాం అన్నావు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ముందే చెప్పేస్తే కడుపులో ఏమీ మిగలదు కాబట్టి చెప్పేస్తున్నాను. ఇక కుశలం. ఇల్లు బాగానే ఉంది. గోడలు తెల్లగా ఉన్నాయి, కుళాయిలు బిగుసుకుపోయి ఉన్నాయి. మా ఆయనకి ఆఫీసు నడిచి వెళ్ళేంత దగ్గర, నాకు బస్సు దిగి బస్సు ఎక్కేంత దూరం. ఎవరి ఉద్యోగం కోసం ఊరు మారామో దీన్నిబట్టి ఎవరైనా చెప్పేయొచ్చు.

నా పని ఎలా ఉందని అడిగావు. బిల్లులు కట్టే పేజీలో ఒక బటన్ ఉంది. అది ఆకుపచ్చగా ఉండాలా నీలంగా ఉండాలా అని వారమంతా మీటింగులు పెడతారు. నేను కూర్చుని తల ఊపుతాను. మన లైబ్రరీ గురించి ఇక్కడ ఎవరికైనా చెప్పబోతే, పుస్తకాలు ఎక్కడ పెడతారని అడుగుతారు. పుస్తకాలది కాదు, పాటనో పాఠాన్నో మొదలుపెట్టడానికీ ఆపడానికీ వెనక్కి జరపడానికీ వేరేవాళ్ళు తమ ప్రోగ్రాముల్లో పెట్టుకునే కోడు, అది మా వదినా నేనూ కలిసి రాశాం అని చెప్పేసరికి వాళ్ళ కాఫీ అయిపోతుంది. లేచి వెళ్ళిపోతారు.

అయినా మొన్న ఒక సరదా జరిగింది. మా ఆఫీసు లిఫ్టులో తలుపులు మూసుకుంటున్నాయని ఒక ఆడగొంతు చెబుతుంది. ఎవరో పరిగెత్తుకొచ్చి కాలు అడ్డం పెట్టారు. ఆ గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. ఆగిన తీరు వినగానే పట్టేశాను, అది మన కోడు. నేను రాసిన పాజ్. పీక నొక్కినట్టు టక్కున ఆగదు, రెప్పపాటులో సన్నబడి ఆగుతుంది. లిఫ్టులో అందరి మధ్యా ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్కావిడ కొంచెం జరిగి నిలబడింది.

నా బల్ల ఖాళీగానే ఉంచావా, దాని మీద బట్టలు ఆరేస్తున్నావా?

బుడ్డి


మన పాత గది, వీధి వైపు

బుడ్డీ,

నీ బల్ల ఖాళీగా లేదు. బట్టలూ లేవు. ఒక అమ్మాయిని పెట్టుకున్నాను. పని ఎక్కువైంది, నువ్వు వెళ్ళాక ఇద్దరి పనీ నా నెత్తిన పడింది. మనిషి గుప్పెడంత ఉంటుంది, ఒక్క చోట నిలబడదు, కుర్చీ చివర కూర్చుని ఎప్పుడు ఎగిరిపోదామా అన్నట్టు ఉంటుంది. పిచ్చుక అని పిలుస్తున్నాను. పలుకుతుంది.

నీ బల్లని కిటికీ దగ్గర నుంచి జరిపి నా ఎడమ పక్కన వేశాం. వెలుతురు అక్కడే బాగుంది.

ఈ అమ్మాయి చెయ్యి మంచిది. పాత కోడు చదివి, ఇక్కడ ఇలా ఎందుకు రాశారు అని అడుగుతుంది. జవాబు చెప్పలేకపోతే వదలదు. వాల్యూమ్ తగ్గించే భాగంలో నేను ఎప్పుడో చేసిన తెలివితక్కువ పని ఒకటి పట్టుకుంది. మొహం మీదే చెప్పింది. నాకు సరదా వేసింది.

ఒక సంగతి. రికార్డు చేసిన మాటలు విని టైపు కొట్టే ఆఫీసు ఒకటి మన లైబ్రరీ వాడుతోంది కదా, వాళ్ళు ఫిర్యాదు రాశారు. పాజ్ నొక్కిన చోట గొంతు సన్నబడుతుందట, మళ్ళీ మొదలుపెడితే ఆ సన్నబడిన ముక్క దాటి మొదలవుతుందట. అంటే ప్రతిసారీ ఒక అక్షరంలో సగాన్ని మింగేస్తోంది. రోజంతా ఆపుతూ మొదలుపెడుతూ ఉండేవాళ్ళకి అది పెద్ద గోలే. ఆ సన్నబడటం తీసేసి నొక్కిన చోటే ఆపేద్దాం అంటోంది పిచ్చుక. నీ కోడు కాబట్టి నీకు చెప్పకుండా ముట్టుకోవద్దన్నాను. నీ మాటేమిటి?

తమ్ముడుగారిని అడిగానని చెప్పు.

వదిన


కొత్త ఇల్లు, అదే వంటగది

వదినకి,

నీ ఉత్తరం కాగితం మీదైతే కొలిచి చూపించేదాన్ని. నా గురించి రెండు ముక్కలు, మిగతాదంతా పిచ్చుక పురాణం. నాకు బుడ్డి అని పేరు పెట్టింది నువ్వు కాదు, మీ అమ్మ. మా మేనత్త కదా, నన్ను ఎత్తుకుని తిరిగిన రోజుల్లో పెట్టింది. ఒక ఇంట్లో పెరిగాం, ఒక గదిలో పని చేశాం, నువ్వు నాకు సొంతంగా ఒక పేరు పెట్టలేదు. ఆ అమ్మాయికి మాత్రం వచ్చీ రాగానే పెట్టేశావు.

నా బల్ల నీ ఎడమ పక్కకి చేర్చావా? నేను నీ పక్కన కూర్చుంటానని ఎన్నిసార్లు అడిగాను? నీ గొంతు నా చెవిలో మోగుతుంటే పని సాగదని కిటికీ దగ్గరికి తోలావు. ఇప్పుడు ఆమె గొంతు మోగదు కాబోలు. వెలుతురు అక్కడే బాగుందట. వెలుతురు కిటికీ దగ్గర కాకుండా గోడ దగ్గర బాగుండే గది నీ ఒక్కదానిదే.

మొన్న ఉండబట్టలేక ఫోన్ చేశాను. ఆమె తీసింది. మేడమ్ పనిలో ఉన్నారు, ఏమైనా చెప్పమంటారా అని అడిగింది. నీతో ఏమైనా చెప్పాలంటే నేను ఆ పిల్లకి చెప్పాలా? నిన్న చేస్తే మళ్ళీ ఆమే. నాకు తిక్క రేగి, కాపురం సంగతులు అన్నాను. సరే మేడమ్ అని రాసుకుంది.

అంతకు ముందు నా గొంతు రికార్డు చేసి పంపాను, కొత్త ఇంట్లో గోడలు ఎలా ప్రతిధ్వనిస్తాయో వినమని. నువ్వు బాగుంది అని ఒక్క మాట రాశావు. ఏం బాగుంది? అందులో నేను మధ్యలో తుమ్మాను, మా ఆయన పడి లేచాడు, పొయ్యి మీద పాలు పొంగాయి. దేని గురించీ ఒక్క ముక్క లేదు. వినలేదని అర్థమైపోయింది. తీరిక లేదు, అంతే. తీరికంతా గూట్లో పెట్టి పిచ్చుకకి పోస్తున్నావు.

పాజ్ సంగతి నీ ఇష్టం. నా కోడు అని ఒక మాట అడిగావు, అదే పదివేలు.

బుడ్డి


పాత గది

బుడ్డీ,

మూతి ముడుచుకుంటే అందంగా ఉంటావని చిన్నప్పుడు ఎవరో చెప్పి పాడు చేశారు నిన్ను.

నీ ఇష్టం అన్నావు కాబట్టి మార్పు పెట్టేశాం. లైబ్రరీ కొత్త విడుదల అందరికీ వెళ్ళిపోయింది. టైపు ఆఫీసువాళ్ళు మర్నాడే థాంక్స్ రాశారు. పిచ్చుక కుర్చీలోంచి నిజంగానే ఎగిరింది.

బుధవారం మధ్యాహ్నాలు నేను ఉండను. ఆ వేళల్లో రాసినదానికి జవాబు ఆలస్యమవుతుంది, అలగకు.

తుమ్ము బాగుంది.

వదిన


కొత్త ఇల్లు, పాఠాల గోల మధ్య

వదినకి,

చెప్పనా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. అబద్ధం. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు, సంతోషం పట్టలేక పరిగెత్తుకొచ్చి కూర్చున్నాను.

మా ఆయన కొత్త భాష నేర్చుకుంటున్నాడు, ఆఫీసులో పైకి రావాలంటే అది రావాలట. ఫోన్లో పాఠాలు పెట్టుకుని వంటింట్లో అటూ ఇటూ తిరుగుతాడు. ఆ పాఠాలు మన లైబ్రరీ మీదే నడుస్తాయి. ఇప్పుడు అచ్చులు నడుస్తున్నాయి. టీచరమ్మ ఆ... అని సాగదీస్తుంది, ఈయన పాజ్ నొక్కి తనూ ఆ... అంటాడు. డాక్టరు దగ్గర నోరు తెరిచినట్టు ఉంటుంది. అది వేరే కథ. సంగతేమిటంటే, ఆయన పాజ్ నొక్కిన ప్రతిసారీ ఒక చప్పుడు. గోరుతో డబ్బా మీద కొట్టినట్టు, టిక్. కొత్త విడుదల వచ్చినప్పటి నుంచే.

నీకు నేను చెప్పాలా? సాగుతున్న శబ్దాన్ని ఉన్నపళంగా తెంపితే ఆ తెగిన చోట చప్పుడు పుడుతుంది. అందుకే కదా నేను సన్నబరిచి ఆపాను. మనం రాసిన మొదటి కోడులో అది వస్తే, దీన్ని విడుదల చేస్తే జనం చెవులు పిండుతారు అని నువ్వే హెడ్‌ఫోన్ తీసి నా ఒళ్ళో పడేశావు. పక్క గదిలో నీళ్ళ చుక్క పడితే ఏ కుళాయో చెప్పే మనిషివి. నీ చెవి దాటి ఇది ఎలా బయటికి వచ్చింది?

మీ పిచ్చుకని అడుగు. టిక్ అంటే ఏమిటో తెలుసేమో.

బుడ్డి


పాత గది

బుడ్డీ,

పరీక్ష చేశాను. చప్పుడు లేదు. తమ్ముడుగారి ఫోన్ పాతదై ఉంటుంది, స్పీకరు వదులై ఉంటుంది. వేరే ఫోన్లో చూడండి.

ఇంకొక మాట. ఈ అమ్మాయి నీకు ఏమీ చెయ్యలేదు. నీ ఉత్తరాల్లో ఆమెని ఎగతాళి చేస్తే నాకు బాగుండటం లేదు. పని గురించి రాయి, తప్పకుండా చూస్తాను. నీ అలక నా మీద చూపించు, ఆమె మీద వద్దు.

వదిన


కొత్త ఇల్లు

వదినకి,

వేరే ఫోన్లో చూశాను. ఆఫీసు కంప్యూటర్లో చూశాను. మా ఎదురింటి నర్సు ఫోన్లో చూశాను, ఆవిడకి మన కోడు గురించి ఓనమాలు తెలియవు, ఆవిడ కూడా ఏమిటా చప్పుడు అంది. నువ్వు మాత్రం లేదంటున్నావు. అంటే ఆమె తప్పు బయటపడకూడదని నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నావు. నాతో ఎన్నోసార్లు కొట్లాడావు గానీ ఇంతవరకు అబద్ధమాడలేదు.

మన పాత గది కింద దుకాణం దర్జీ ఆవిడతో నిన్న ఫోన్లో మాట్లాడాను. నీ సంగతులు కూపీ లాగాను, దాచను. బుధవారం మధ్యాహ్నాలు మీ ఇద్దరూ కలిసి వెళ్తున్నారట, ఆ అమ్మాయి నీ మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తుందట. చూడముచ్చటగా ఉంటుందట. నాతో బజారుకి రమ్మంటే పని పాడవుతుందని రాని మనిషివి.

నేను ఊరుకోలేదు. లైబ్రరీ చర్చల పేజీలో రాశాను. అందరూ చదివేలా, నా పేరు మీదే. పాజ్‌లో తప్పుందనీ, కొత్తగా చేరిన మనిషి తెలియక చేసిన మార్పును పెద్దావిడ వినకుండానే ఒప్పుకున్నారనీ రాశాను. ఒక్కసారి వింటే చాలు, ఎవరికైనా తెలుస్తుందని కూడా రాశాను. సాయంత్రానికల్లా కింద బోలెడు జవాబులు వచ్చాయి. పాఠాలవాళ్ళు కూడా అదే చప్పుడు అంటున్నారు.

ఇప్పుడు చూడు, ఫోన్ పాతదో కాదో.

బుడ్డి


పాత గది, బుధవారం సాయంత్రం

బుడ్డీ,

నువ్వు రాసింది అక్షరాలా నిజం. వినకుండానే ఒప్పుకున్నాను. నాకు వినపడదు.

కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది పోతోంది. బుధవారాలు చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. కుడి పక్కనుంచి వచ్చే బండి నాకు తెలియదు కాబట్టి ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకుంటుంది. బల్ల ఎడమ పక్కన వేసింది కూడా అందుకే. ఫోన్లో గొంతు నాకు చెట్టు మీద కాకుల గోలలా ఉంటుంది, ఎవరు ఏమన్నారో తెలియదు, అందుకే వద్దన్నాను. నీ తుమ్మూ నేను వినలేదు. పిచ్చుక విని, ఏమేం ఉన్నాయో రాసి ఇచ్చింది. తుమ్ము గురించి రాస్తే నువ్వు ఊరుకుంటావనుకున్నాను.

ఇది నువ్వు ఉన్నప్పుడే మొదలైంది. నువ్వు మామూలుగానే పక్క వీధికి వినపడేలా మాట్లాడతావు కాబట్టి ఇద్దరికీ తెలియలేదు.

ఆమెకి నేను చెప్పలేదు. కనిపెట్టింది. ఒకరోజు సన్నటి కూతలాంటి శబ్దం పెట్టి పరీక్షిస్తున్నాం. మొదలుపెట్టావా అని అడిగాను. అప్పటికే అది మోగుతోంది. నా వంక చూసింది. మర్నాడు వచ్చేసరికి నా స్క్రీన్ మీద శబ్దం గీతలా కనిపించే బొమ్మ ఒకటి తయారుచేసి పెట్టింది. అప్పటి నుంచి నేను శబ్దాన్ని చూసే పరీక్షిస్తున్నాను. పాజ్‌నీ అలాగే చూశాను. బొమ్మని దూరం నుంచి చూశాను, గీత శుభ్రంగా ఆగినట్టు కనబడింది. నీ గొడవ చూశాక ఇవాళ దగ్గరికి లాగి చూస్తే, తెగిన చోట గోడలా నిలువుగా ఉంది. అదే నీ టిక్. పిచ్చుక విని చూసింది కూడా, కానీ మామూలు మాటల మీద. మాటల్లో అది కలిసిపోతుంది. అచ్చుని సాగదీసి మధ్యలో ఆపితేనే బయటపడుతుంది. మాకెవ్వరికీ తమ్ముడుగారిలా ఆ... అనే బుద్ధి పుట్టలేదు.

నీకు ఎందుకు చెప్పలేదని అడుగుతావు. చెబితే ఉద్యోగం వదిలి వచ్చి నా ఎదురుగా కూర్చుంటావు. అది ఒకటి. రెండోది, ఇప్పుడు అందరూ నాతో నోరు పెద్దగా తెరిచి, పసిపిల్లకి చెప్పినట్టు చెబుతున్నారు. నీకు చెప్పనని మాటిచ్చిన దర్జీ ఆవిడ నాకు దండం పెట్టి మరీ మాట్లాడుతోంది. నీ ఉత్తరాల్లో ఒక్కచోటే నేను ఇంకా పాత మనిషిని. నువ్వు నన్ను తిడుతున్నావు, దెప్పుతున్నావు, నాకు ఎంత హాయిగా ఉందో నీకు తెలియదు. అది పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

నా తర్వాత ఈ కోడు ఎవరు చూస్తారో తేల్చుకోవాలి. విడుదల చేసే హక్కు మన ఇద్దరి పేరనే ఉంది. ఇద్దరం ఒప్పుకుంటేనే మూడో మనిషి పేరు చేరుతుంది. నేను పిచ్చుక పేరు రాశాను. నువ్వు ఒప్పుకోవాలి.

చర్చల పేజీలో నా చెవి సంగతి రాయవద్దు.

వదిన


కొత్త ఇల్లు

వదినకి,

నువ్వు రాసింది చదివాను.

ముందు నీ చెవి ఎలా ఉందని అడగాలి. డాక్టరు ఏమంటున్నాడని అడగాలి. అది తెలుసు. కానీ నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు వదినా, మంట. ఆమెకి ముందు తెలిసింది. ఆమె పక్కన కూర్చుని కనిపెట్టింది, ఏమీ అనకుండా నీకు బొమ్మ గీసి ఇచ్చింది. నేను నీ పక్కనే ఉన్న రోజుల్లో అది మొదలైతే కనిపెట్టలేకపోయాను. నువ్వు రెండోసారి అడిగిన ప్రతిసారీ, చెవులు ఎక్కడ పెట్టావు అని విసుక్కున్నాను. నా తుమ్ము కూడా ఆమె వింది. నేను నీకు పంపింది ఆమె వింది.

ఆమె మంచిది కావడం నాకు ఇంకా కష్టంగా ఉంది. చెడ్డదైతే తిట్టుకుని బతికేదాన్ని.

నేను ఒప్పుకోను. నీ చోట ఆమె పేరు చూడలేను. నేను వచ్చేస్తాను. ఈ బటన్ల ఉద్యోగం ఎవరికి కావాలి? నీ చెవులు నేనవుతాను.

బుడ్డి


పాత గది

బుడ్డీ,

రావద్దు. జీతం ఇస్తే చెవులు దొరుకుతాయి, దొరికాయి. నాకు మరదలు కావాలి.

అసూయ పడితే పడు, నాకు అభ్యంతరం లేదు, కొంచెం గర్వంగా కూడా ఉంది. కానీ హక్కు ఆమెకి ఇవ్వాలన్నది నా మోచెయ్యి పట్టుకుందని కాదు. నేను తప్పు రాస్తే తప్పు అంటుంది. జాలిపడి ఒప్పుకోదు. నువ్వు పేజీలో రాసినదానికి ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నా సంగతి చెప్పేస్తే తన తప్పు సగం తేలికైపోయేది. చెప్పలేదు. తనే తెలియక చేశానని రాసింది. వెళ్ళి చదువు.

టైపువాళ్ళకి అక్షరం పోకూడదు, పాఠాలవాళ్ళకి చప్పుడు రాకూడదు. పాజ్ నీది. దాన్ని బాగుచెయ్యి. ఆమెకి ఫోన్ చెయ్యి, ఆమెకి బాగానే వినపడుతుంది.

వదిన


కొత్త ఇల్లు, వంటగదే

వదినకి,

పేజీ చదివాను. నా తప్పు నేనూ అక్కడే రాశాను. మార్పు చూడకుండా నీ ఇష్టం అని అలిగి కూర్చున్నది నేనేననీ, నా పాత పాజ్‌లోనూ అక్షరం మింగే జబ్బు ఉందనీ రాశాను. పెద్దావిడని అనరాని మాట అన్నాననీ రాశాను. నీ చెవి మాట ఎత్తలేదు.

తర్వాత ఆమెకి ఫోన్ చేశాను. పెట్టేద్దామని రెండుసార్లు అనుకున్నాను. ఆమె కూడా భయపడుతూ తీసింది, నేను తిడతాననుకుంది కాబోలు. ఇద్దరం కాసేపు ముక్తసరిగా, మొహాలు చూసుకోని వియ్యపురాళ్ళలా మాట్లాడుకున్నాం. పని మొదలయ్యాక సర్దుకుంది. పాజ్ నొక్కిన చోటుని ముందు గుర్తు పెట్టుకోవాలి, తర్వాత నా పద్ధతిలో సన్నబరిచి ఆపాలి, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఆ గుర్తు దగ్గర నుంచే ఎత్తుకోవాలి. అప్పుడు చప్పుడూ రాదు, అక్షరమూ పోదు. గుర్తు పెట్టే ఆలోచన ఆమెది. నాకు ఎందుకు తట్టలేదా అని కడుపు మండింది. మా ఆయన్ని కూర్చోబెట్టి పాఠం పెట్టించి, గొంతు బొంగురుపోయేదాకా ఆ... అనిపించాం. టిక్ లేదు. టైపు ఆఫీసులో ఒకావిడ కూడా వాడి చూసి సరేనంది. నువ్వు నీ బొమ్మలో దగ్గరికి లాగి చూడు.

ఫోన్ పెట్టేసే ముందు ఆమె ఒక మాట అడిగింది.

"మేడమ్ పొద్దున్నే వచ్చి ముందు మీ ఉత్తరం వచ్చిందా అని చూస్తారండీ. వస్తే ఆ పూట నాతో మాట్లాడరు, చదివిందే చదువుతూ నవ్వుకుంటారు. నేను పక్కనే ఉంటాను. మీరు ఏం రాస్తారు అంత?"

వదినా, ఆ గొంతులో ఉన్నది నాకు బాగా తెలిసినదే. ఇన్ని నెలలుగా నాలో ఉన్నదే. అది విన్నప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెబితే నన్ను మనిషి కింద జమ కట్టవు. పండగలా ఉంది. ఏం రాస్తానో చెప్పలేదు, ఏవో ఇంటి సంగతులు అన్నాను. చెబితే పంచుకున్నట్టు అవుతుందని భయం వేసింది. ఫోన్ పెట్టేశాక సిగ్గు వేసింది. సంతోషం మాత్రం పోలేదు.

హక్కుకి ఒప్పుకున్నాను. ఇందాకే నొక్కాను. ఆమె పేరు మన పేర్ల పక్కన చేరిపోయింది. ఇష్టపడి చెయ్యలేదు. ఆమె తప్ప ఎవరున్నారా అని నిజంగా వెతికి, ఎవరూ లేరని తేలాక చేశాను. నా అంత బాగా రాస్తుంది. కొన్నిచోట్ల నాకన్నా బాగా రాస్తుంది. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఉద్యోగం మానను. నువ్వు వద్దన్నావు, ఊరుకుంటాను. కానీ ఒక్కసారి వస్తాను. ఎడమ చెవి ఉండగానే వస్తాను. నీ పక్కన కూర్చుని, ఊరికే మాట్లాడతాను. మా ఆఫీసు మీటింగుల గురించి, ఎదురింటి నర్సు గురించి, ఏదైనా సరే. నువ్వు జవాబు చెప్పక్కర్లేదు. తర్వాత నా ఉత్తరాలు చదువుకునేటప్పుడు అవి నా గొంతుతోనే నీకు వినపడాలి. ఆమె చదివి వినిపించినట్టు ఉండకూడదు. నాకు అది ఒక్కటే కావాలి.

ఇంకొక్క మాట. ఆ రోజు ఆ అమ్మాయికి సెలవు ఇవ్వు.

బుడ్డి


పాత గది

బుడ్డీ,

దగ్గరికి లాగి చూశాను. చప్పుడు లేదు.

సెలవు ఇచ్చాను. ఎందుకని అడిగింది, చెప్పాను. పొద్దుటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

బయలుదేరు.

వదిన